సైకిల్‌ను ఇంట్లోనే సరిచేసుకునేవాళ్లకు టార్క్ రెంచ్ కావాలా?

ప్రశ్న ఇది: ఇంట్లో రెండు సైకిళ్లున్నాయి. ఒకటి అల్యూమినియం ఫ్రేమ్ హైబ్రిడ్, రెండోది కొత్తగా కొన్న రోడ్ బైక్. రోడ్ బైక్ ఫోర్కు, సీట్‌పోస్టు (సీటును మోసే గొట్టం) కార్బన్ ఫైబర్‌వి. పంక్చరు, బ్రేక్ ప్యాడ్లు, చైను, గేర్ల సర్దుబాటు అన్నీ సొంతంగానే చేసుకుంటారు. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ మీద "5 ఎన్ఎం" (న్యూటన్ మీటర్లు, అంటే బోల్టును తిప్పే బలమైన టార్క్‌కు కొలత) అని అచ్చువేసి ఉండటం చూసి అనుమానం వచ్చింది. వీధి చివర మెకానిక్ దగ్గర ఆ బలాన్ని కొలుస్తూ బిగించే టార్క్ రెంచ్ ఏదీ లేదు, ఏళ్ల తరబడి చేతి అంచనాతోనే బిగిస్తున్నాడు, మరి నాకెందుకు అని అడుగుతున్నారు.

నా సమాధానం: కొనండి. అయితే చిన్నదే కొనండి. 2 నుంచి 14 లేదా 20 న్యూటన్ మీటర్ల దాకా కొలిచేది ఒక్కటి చాలు. కార్బన్ ఉన్న సైకిలుకు అలెన్ కీ ఎంత అవసరమో అదీ అంతే అవసరం. హైబ్రిడ్ ఒక్కటే ఉంటే, 5 ఎన్ఎం దగ్గర ఆగిపోయే చిన్న టార్క్ కీతో సరిపెట్టుకోవచ్చు. ఇంట్లో ఉన్నది కాటర్ పిన్ను క్రాంకు (పెడల్ తగిలించే చేయి), రాడ్ బ్రేకుల పాత ఉక్కు సైకిలే అయితే అసలు అక్కర్లేదు, సరైన సైజు రింగు పానాలు, మంచి గ్రీజు చాలు. 40, 50 ఎన్ఎం కొలిచే పెద్ద రెంచ్ మాత్రం ఇప్పుడే వద్దు.

చేయి ఎక్కడ తప్పుతుంది

బాగా గట్టిగా బిగించాల్సిన చోట వాడేదే టార్క్ రెంచ్ అని చాలామంది అనుకుంటారు. సైకిలు విషయంలో ఇది తలకిందులు. గట్టి బోల్టుల దగ్గర చేయి పెద్దగా తప్పదు. సైకిలు విడిభాగాల కంపెనీ షిమానో తన క్యాసెట్ (వెనక గేరు పళ్ల చక్రాల గుత్తి) లాక్‌రింగుకు 30 నుంచి 50 ఎన్ఎం ఇస్తుంది, పెడల్‌కు 35 నుంచి 55. ఇద్దరు మనుషులు వేరువేరుగా బిగించినా ఇద్దరూ హద్దులోనే ఉంటారు. 4, 5, 6 ఎన్ఎం దగ్గర అంత వెసులుబాటు లేదు. 5 పడాల్సిన చోట 8 పడితే 60 శాతం ఎక్కువ. మణికట్టుకు మాత్రం ఆ తేడా "ఇంకాస్త" అన్నట్టే ఉంటుంది.

దీనికి తోడు కీ పొడవొకటి. చేతికి తెలిసేది మనం పెట్టే బలం. బోల్టుకు అందేది మాత్రం ఆ బలాన్ని, బోల్టు నుంచి చేతికున్న దూరంతో గుణించినంత. మామూలు పొట్టి 4 మి.మీ. అలెన్ కీ పొడవు చేయి దాదాపు 7 సెం.మీ. ఉంటుంది. దాని చివర ఏడు కేజీల పైచిలుకు బలం పెడితే 5 ఎన్ఎం. అదే బలాన్ని పొడుగు రకం కీని 14 సెం.మీ. దగ్గర పట్టుకుని పెడితే 10. చేతికి రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఒకటి సరైన బిగింపు, రెండోది కార్బన్ గొట్టానికి పగులు.

వీధి మెకానిక్‌ను తక్కువ చేయడం లేదు. ఆయన రోజుకు పదిసార్లు అదే పానాతో అవే ఉక్కు నట్లు బిగిస్తాడు. ఆ పానాకూ ఆ నట్టుకూ ఆయన చేయి కుదిరిపోయింది. పైగా ఉక్కు ఓర్చుకునే లోహం, కాస్త ఎక్కువైనా సాగి సర్దుకుంటుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు ఒక బోల్టును ఏడాదికి మూడు నాలుగు సార్లు ముట్టుకుంటారు. చేయి కుదిరేంత సాధన దొరకదు. కార్బన్‌కు ఆ ఓర్పూ లేదు. అది సాగదు, ముందు హెచ్చరిక ఏమీ లేకుండా లోపలి పొరలు విడిపోతాయి, పైన రంగు కింద ఏం జరిగిందో కంటికి కనపడదు. నెలలు గడిచాక ఏ గుంతలోనో బరువు పడినప్పుడు విరుగుతుంది.

"5 ఎన్ఎం" అసలు ఏం కొలుస్తోంది

ఇది అర్థమైతే రెంచ్ సగం మంది తప్పుగా ఎందుకు వాడుతున్నారో అర్థమవుతుంది. బోల్టు పని సాగడం. బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగి, స్ప్రింగులా వెనక్కి లాగుతూ రెండు ముక్కలను ఒకదానికొకటి అదిమిపెడుతుంది. మనకు కావాల్సింది ఆ అదుము. దాన్ని ఇంట్లో నేరుగా కొలవలేం కాబట్టి తిప్పే బలాన్ని కొలుస్తున్నాం.

సుమారు లెక్క ఇది: టార్క్ = 0.2 × బోల్టు వ్యాసం × బోల్టు లాగుడు. స్టెమ్‌కు ఉండేది సాధారణంగా ఎం5 బోల్టు, అంటే 5 మి.మీ. వ్యాసం. 5 ఎన్ఎం పెడితే లాగుడు 5000 న్యూటన్లు వస్తుంది, దాదాపు 500 కేజీల బరువు వేలాడదీసినంత. స్టెమ్ ముందు పలకకు అలాంటి బోల్టులు నాలుగు. హ్యాండిల్‌బార్‌ను రెండు టన్నులతో అదుముతున్నారన్నమాట. "ఇంకాస్త" అనేది ఎంత పెద్ద మాటో ఇప్పుడు ఊహించుకోండి.

ఆ 0.2 అనేది రాపిడిని బట్టి వచ్చే అంకె. మీరు పెట్టే టార్క్‌లో దాదాపు పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మిగిలినదంతా బోల్టు తల కింద, మరల మధ్య రాపిడికే ఖర్చయిపోతుంది. శుభ్రమైన మరలకు గ్రీజు ఉంటే ఆ అంకె 0.15 దాకా దిగుతుంది, అప్పుడు అదే 5 ఎన్ఎంకు లాగుడు 6600 న్యూటన్ల పైకి పోతుంది. తుప్పు పట్టిన, దుమ్ము నిండిన మరల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. సెట్ చేసిన అంకె రాగానే రెంచ్ క్లిక్ అంటుంది, కానీ బోల్టు సగమే సాగి ఉంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు తీరం వెంబడి తొక్కేవాళ్ల సైకిళ్లకు ఇది మరీ ఎక్కువ. ఉప్పుగాలికి స్టెమ్ బోల్టుల తలలు ఒక్క వానాకాలంలోనే ఎర్రబడతాయి. సైకిలును ఇంట్లో కదలకుండా నిలబెట్టే ఇండోర్ ట్రైనర్ మీద తొక్కేవాళ్లకు చెమటే ఆ పని చేస్తుంది.

అందుకే రెంచ్ చేతిలోకి తీసుకునే ముందు బోల్టును పూర్తిగా బయటికి తీయండి. గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో మరలు తుడవండి. మరలకూ తల కిందా పల్చగా గ్రీజు రాయండి. బోల్టుకు ముందే నీలం రంగు లాకింగ్ జిగురు పూసి వచ్చినా, జిగురు వేయమని పార్టు కాగితంలో రాసి ఉన్నా గ్రీజు వద్దు. తల కింద గీతలు పడిన, లోపలి షట్కోణం అరిగిన బోల్టును మార్చేయండి. కొన్ని రూపాయల బోల్టు కోసం వేల రూపాయల స్టెమ్‌ను పణం పెట్టకూడదు. కాగితంలో గ్రీజు సంగతి ఏమీ లేకపోతే నేను గ్రీజు రాసి, ఇచ్చిన హద్దులో కింది అంకెకు బిగించమంటాను.

ఏ బోల్టుకు రెంచ్ తప్పనిసరి

మొదటిది స్టెమ్. ముందు పలక బోల్టులకు సాధారణంగా 4 నుంచి 6 ఎన్ఎం, ఫోర్కు గొట్టాన్ని పట్టుకునే పక్క బోల్టులకు 5 నుంచి 6. హ్యాండిల్‌బార్ మీద "గరిష్ఠం 5" అని, స్టెమ్ మీద "6" అని ఉంటే తక్కువ అంకెదే మాట. ఇంకో ముఖ్యమైన విషయం: "గరిష్ఠం" అని రాసిన అంకె దాటకూడని హద్దు, చేరి తీరాల్సిన గమ్యం కాదు. గరిష్ఠం 5 అంటే 4తో మొదలుపెట్టండి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను పక్కకు తిప్పి చూడండి, బ్రేక్ లివర్ల మీద బరువేసి కిందికి నొక్కి చూడండి. జారకపోతే అక్కడితో ఆపండి.

నాలుగు బోల్టులను ఎదురెదురు మూలల వరసలో, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోవాలి. పైనా కిందా పలక ఖాళీ సమానంగా ఉండాలి. కొన్ని స్టెమ్‌లు మాత్రం పై ఖాళీని పూర్తిగా మూసేశాక కింది బోల్టులు బిగించేలా తయారవుతాయి, వాటి మీద ఆ సంగతి రాసే ఉంటుంది. ఒక బోల్టు బిగిస్తే పక్కది వదులవుతుంది. అందుకని నాలుగూ ఒకసారి క్లిక్ అన్నాక మళ్లీ మొదటి నుంచి ఒక చుట్టు వేయండి. కొత్తవాళ్ల సైకిళ్లలో ఎక్కువగా కనపడేది ఇదే: నాలుగింట్లో ఒకటి వేళ్లతో తిరిగేంత లూజుగా, దాని ఎదురుది మర ఊడేంత టైటుగా ఉంటుంది.

కార్బన్ ఫోర్కు గొట్టం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అల్యూమినియం, ఉక్కు గొట్టాల్లో కొట్టే నక్షత్రం నట్టును ఇందులో కొట్టకూడదు, గొట్టం గోడలు గీరుకుపోతాయి. లోపల వెడల్పయ్యే ప్లగ్గు ఉంటుంది. స్టెమ్ గొట్టాన్ని పట్టుకునే ఎత్తులోనే ఆ ప్లగ్గు లోపల ఉండాలి. ఖాళీ గొట్టాన్ని బయటి నుంచి అదిమితే 5 ఎన్ఎం కూడా ఎక్కువే. ప్లగ్గుకు వేరే అంకె ఉంటుంది, దాని తల మీదే చూడండి.

తర్వాత వరస ముఖ్యం. ముందు స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై మూత బోల్టుతో హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు) ఆట, అంటే వదులు కదలిక, తీసేయాలి. ముందు బ్రేక్ పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపితే టకటక రాకూడదు, హ్యాండిల్ మాత్రం తేలిగ్గా తిరగాలి. ఆ తర్వాతే పక్క బోల్టులు టార్క్‌కు బిగించాలి. పక్క బోల్టులు బిగిసి ఉండగా పై మూతను ఎంత తిప్పినా ఆట పోదు, ప్లగ్గు మాత్రం పైకి ఊడి వస్తుంది. పై మూత బోల్టుకు రెంచ్ అక్కర్లేదు, అక్కడ కొలత ఆటే.

రెండోది సీట్‌పోస్టు. పట్టీకి సాధారణంగా 4 నుంచి 6 లేదా 7. కార్బన్ పోస్టుకు గ్రీజు పూయకూడదు, కార్బన్ పేస్టు వాడాలి. ఇసుకలాంటి నలుసులున్న ఈ పేస్టు తక్కువ టార్క్‌తోనే పట్టు ఇస్తుంది. పోస్టు కిందికి జారుతోందని పట్టీని బిగిస్తూ పోవడం పెద్ద తప్పు. ముందు పోస్టు, ఫ్రేమ్ లోపలి గోడ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, పేస్టు రాయండి, పోస్టు వ్యాసం ఫ్రేమ్‌కు సరిపోతుందో చూడండి. 27.2 కావాల్సిన చోట 27.0 పోస్టు పెడితే ఏ టార్కూ దాన్ని ఆపలేదు. పోస్టు మీద కనీస లోతు గీత ఉంటుంది, అది బయటికి కనపడితే వెంటనే లోపలికి దించాలి. అల్యూమినియం ఫ్రేమ్‌లో కార్బన్ పోస్టును ఏడాది తరబడి కదపకుండా వదిలేస్తే వాన, చెమట కలిసి ఫ్రేమ్ లోహాన్ని తినేసి రెండింటినీ అతికిస్తాయి. మూడు నెలలకోసారి తీసి తుడిచి పెట్టండి.

సీటు కింది క్లాంపు బోల్టుల్లో భయం బిగువు ఎక్కువవడం గురించి కాదు, తక్కువవడం గురించే. సరిగా సాగని బోల్టు మీద ప్రతి గుంతకూ బరువు పడుతూ లేస్తూ ఉంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు అది ఒకరోజు తెగుతుంది. సరిగా బిగిసిన బోల్టుకు ఆ ఊపు పెద్దగా తెలియదు. విరిగిన బోల్టులన్నీ ఎక్కువ బిగించడం వల్ల విరగలేదు. ఈ క్లాంపుల అంకెలు నమూనాను బట్టి చాలా మారతాయి కాబట్టి పోస్టు మీద రాసినదే చూడాలి.

మూడోది, రోడ్ బైక్‌కు షిమానో హాలోటెక్ క్రాంకు ఉంటే ఎడమ క్రాంకు చేయిని పట్టే రెండు బోల్టులు. వీటికి 12 నుంచి 14 ఎన్ఎం. ముందు ప్లాస్టిక్ మూతను దాని చిన్న పరికరంతో వేళ్ల బలానికే తిప్పాలి, 0.7 నుంచి 1.5 ఎన్ఎం మాత్రమే, పక్క ఆట పోతే చాలు. అక్కడ బలం వాడితే బేరింగులు నలుగుతాయి. తర్వాత చిన్న ప్లాస్టిక్ భద్రతా పలకను లోపలికి నొక్కి, రెండు బోల్టులను మార్చి మార్చి బిగించాలి. రెండోది బిగించగానే మొదటిది వదులవుతుంది, మూడు నాలుగు సార్లు అటూ ఇటూ తిరగాల్సిందే. ఒక్కసారి క్లిక్ వినగానే వదిలేస్తే కొన్ని వారాలకు క్రాంకు కదలడం మొదలై లోపలి పళ్లు అరిగిపోతాయి. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, క్రాంకు చేయి మార్చాల్సిందే.

డిస్క్ బ్రేకుల రోటరు (చక్రానికుండే పళ్లెం) బోల్టులకు టీ25 అనే నక్షత్రం మొన బిట్టు కావాలి. షిమానో 2 నుంచి 4 ఎన్ఎం అంటుంది, స్రామ్ 6.2 అంటుంది. అంటే ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ పార్టుకు వాడకూడదు. ఆరు బోల్టులనూ నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించండి. ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్ బోల్టులకు 6 నుంచి 8. లివర్ పట్టుకుని ఉండగా బిగిస్తే క్యాలిపర్ మధ్యలో నిలబడుతుంది. గ్రీజు చేతులతో రోటరును ముట్టుకోవద్దు.

గేరు తీగను పట్టే బోల్టు, గేరు మార్చే వెనక డీరెయిలర్ బోల్టు (8 నుంచి 10), నీళ్ల సీసా పట్టే బాటిల్ కేజ్ బోల్టులు (2 నుంచి 3) కూడా ఈ చిన్న రెంచ్ పరిధిలోనివే. కేజ్ బోల్టును చేత్తోనే నెమ్మదిగా బిగించవచ్చు. ఫ్రేములోని మర పలుచన, అది ఊడి తిరిగితే బాగుచేయడం పెద్ద తలనొప్పి అన్నది గుర్తుంచుకుంటే చాలు.

పెద్ద రెంచ్ ఎందుకు వద్దన్నాను

క్యాసెట్, పెడల్, హైబ్రిడ్‌లో ఉండే చతురస్రపు ఇరుసు క్రాంకు, బీబీ (క్రాంకు ఇరుసు తిరిగే బేరింగులు) కప్పులు, ఇవన్నీ 35 నుంచి 50 ఎన్ఎం ప్రాంతంలో ఉంటాయి. 25 సెం.మీ. పానా చివర 16 కేజీల బలంతో లాగితే 40 ఎన్ఎం. అది ఎలా ఉంటుందో బరువుల త్రాసుతో ఒకసారి అలవాటు చేసుకుంటే చేయి హద్దులోనే పడుతుంది. వీటిలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ తక్కువ బిగించడమే. చతురస్రపు క్రాంకును లూజుగా తొక్కితే అల్యూమినియం క్రాంకు చేయి రంధ్రం గుండ్రంగా సాగిపోతుంది, అలా సాగిన చేయి మళ్లీ పనికిరాదు. కొత్తగా పెట్టాక మొదటి 50, 100 కి.మీ. తర్వాత ఒకసారి సరిచూడండి. ప్రతివారం బిగిస్తూ పోవద్దు, చేయి ఇరుసు మీదికి ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. మళ్లీ మళ్లీ వదులవుతుంటే క్రాంకు చేయి పాడైందని అర్థం.

ఎడమ పెడల్‌కు, బీఎస్ఏ రకం బీబీలో చైను వైపు కప్పుకు ఎడమ మరలుంటాయి. చాలా క్లిక్ రెంచ్‌లు కుడివైపు బిగించేటప్పుడే కొలుస్తాయి, ఎడమ వైపు తిప్పితే క్లిక్ రాదు. రాలేదని ఇంకా లాగుతూ పోతే మర ఊడుతుంది. పెద్దది కొంటే రెండు వైపులా పనిచేసేదో కాదో అడిగి కొనండి.

కారు, మోటారుసైకిలు పని కోసం ఇంట్లో ఉన్న అరంగుళం రెంచ్‌తో స్టెమ్ బిగించాలని చూడకండి. అలాంటివి సాధారణంగా 28 నుంచి 210 ఎన్ఎం దాకా కొలుస్తాయి, 5 అనేది వాటి స్కేలులోనే లేదు. అసలు ఏ క్లిక్ రెంచ్‌నైనా దాని గరిష్ఠంలో ఐదో వంతు కంటే కింద నమ్మకూడదు. 60 దాకా కొలిచే దానితో 5 బిగించబోయి క్లిక్ తెలియక హ్యాండిల్‌బార్ పగలగొట్టుకోవడం జరిగే పనే.

ఏ రకం

మూడు రకాలున్నాయి. ఒకే అంకెకు లేదా 4 నుంచి 6 మధ్య నాలుగైదు అంకెలకు సెట్ అయ్యే పిడి ఆకారపు టార్క్ కీ ఒకటి. హద్దు చేరగానే లోపల జారిపోతుంది, ఎక్కువ బిగించడమే కుదరదు. పార్క్ టూల్ ఏటీడీ 1.2 ఇలాంటిదే, 4, 4.5, 5, 5.5, 6 ఇస్తుంది. స్టెమ్, సీట్‌పోస్టు పనికి ఇంతకంటే తేలికైనది లేదు.

రెండోది సెట్ చేసి లాగే క్లిక్ రెంచ్. క్రాంకు బోల్టులు కూడా చేయాలంటే ఇదే కావాలి. కొన్ని వేల రూపాయల ఖర్చు. ప్రశ్న అడిగినవారికి నేను చెప్పేది ఇదే. పని అయ్యాక అంకెను స్కేలులోని అతి తక్కువ అంకెకు దించి పెట్టెలో పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోతుంది. దానికన్నా కిందికి మాత్రం తిప్పకండి. కింద పడేస్తే అంకె నమ్మకం పోయినట్టే, సరిచూసేదాకా కార్బన్ మీద వాడొద్దు.

మూడోది సూది, కమ్మి ఉన్న బీమ్ రకం. చూడ్డానికి పాతకాలపుదే కానీ చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. సూది సున్నా దగ్గర లేకపోతే చేత్తో వంచి పెట్టేయొచ్చు. రెండు వైపులా కొలుస్తుంది. చిక్కల్లా ఒక్కటే, అంకెను నిటారుగా పైనుంచే చదవాలి, వాలుగా చూస్తే తప్పు చెబుతుంది. స్టెమ్ కింద ఇరుకు చోట అది కుదరదు.

బిట్టులు రెంచ్ కంటే తక్కువ ముఖ్యం కాదు. అరిగిన 4 మి.మీ. బిట్టు బోల్టు తలను గుండ్రం చేసేస్తుంది. గుండు మొన ఉన్న బిట్టుతో చివరి బిగింపు చేయొద్దు, అంచులకే ఆనుతుంది. బిట్టును సుత్తితో కాకపోయినా వేలితోనైనా అడుగుదాకా నొక్కాలి, షట్కోణంలో మట్టి ఉంటే ముందు గుండుసూదితో తీసేయాలి.

వాడేటప్పుడు పిడి మధ్యలో పట్టుకుని, కుదుపు లేకుండా నెమ్మదిగా లాగండి. చిన్న అంకెల దగ్గర క్లిక్ చాలా మెల్లగా ఉంటుంది, చెవి కంటే వేలికే ముందు తెలుస్తుంది. క్లిక్ రాగానే ఆపండి. నిర్ధారించుకోవడానికి మళ్లీ మళ్లీ క్లిక్ కొట్టిస్తే ప్రతిసారీ కాస్త ముందుకు తిరుగుతుంది. బోల్టులు విప్పడానికి ఈ రెంచ్ వాడకండి, అలెన్ కీ ఎలాగూ ఉంది. పెడల్ పానా లాంటి అదనపు తలను రెంచ్‌కు సూటిగా ముందుకు తగిలిస్తే చేయి పొడవు పెరిగి అంకె మారిపోతుంది, అడ్డంగా 90 డిగ్రీలకు తగిలిస్తే మారదు.

అంకెల దగ్గర ఇంకో ప్రమాదం ప్రమాణాలు. 5 ఎన్ఎం అంటే 44 అంగుళాల పౌండ్లు, లేదా దాదాపు 51 కేజీ సెంటీమీటర్లు. అడుగుల పౌండ్ల స్కేలు మీద 5 పెడితే పడేది దాదాపు 6.8 ఎన్ఎం.

కొనేలోపు ఏం చేయాలి

ఊరెళ్లేటప్పుడు సంచి తూచుకునే కొక్కెం త్రాసు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. పొడుగు రకం 4 మి.మీ. అలెన్ కీ మీద, బోల్టు మధ్య నుంచి సరిగ్గా 10 సెం.మీ. దగ్గర మార్కరుతో గీత పెట్టండి. అక్కడ దారం ముడివేసి త్రాసు కొక్కేనికి తగిలించి, కీకి లంబంగా నెమ్మదిగా లాగండి. 10 సెం.మీ. దగ్గర ఎన్ని కేజీలు చూపిస్తే దాదాపు అన్ని ఎన్ఎం. 5 ఎన్ఎంకు 5.1 కేజీలు, 4కు 4.1, 6కు 6.1. వాలుగా లాగితే, దారం పక్కకు జరిగితే లెక్క తప్పుతుంది. దారం జారకుండా గీత దగ్గర టేపు చుట్టండి. కాస్త చాదస్తంగా అనిపించినా, చేతి అంచనాకంటే ఇది ఎన్నో రెట్లు నమ్మదగినది.

కొన్నాక ఇదే త్రాసుతో క్లిక్ రెంచ్‌నూ సరిచూడొచ్చు. రెంచ్ చతురస్రాన్ని బల్ల బిగింపులో పట్టించి, రెంచ్ నేలకు సమాంతరంగా పక్కకు తిరిగేలా పెట్టి, పిడి మధ్యలో కొక్కెం తగిలించి పక్కకే లాగండి, అప్పుడు రెంచ్ సొంత బరువు లెక్కలోకి రాదు. చతురస్రం నుంచి పిడి మధ్యకు 20 సెం.మీ. ఉంటే 5 ఎన్ఎంకు 2.55 కేజీల దగ్గర క్లిక్ రావాలి. ఐదుసార్లు చేసి చూడండి. అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే మంచిది. చేతి టార్క్ పరికరాల ఐఎస్ఓ 6789 ప్రమాణం ఇలాంటి రెంచ్‌లకు 10 ఎన్ఎం లోపు 6 శాతం తేడాను ఒప్పుకుంటుంది. ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంటే ఆ రెంచ్‌ను తిరిగి ఇచ్చేయండి. ఎప్పుడూ ఒకే వైపు కొద్దిగా తప్పుతుంటే ఆ తేడాను పెట్టె మూత మీద రాసుకుని వాడుకోవచ్చు.

రెంచ్‌తో పనిలేని చోట్లు కూడా చెప్పాలి. స్పోకులు, హబ్బు కోన్లు, హెడ్‌సెట్ ఆట, బ్రేక్ ప్యాడ్ల దూరం, ఇవన్నీ ఆట, శబ్దం, కంటి చూపు చూసి చేసేవి. చక్రాన్ని చేత్తోనే విప్పే క్విక్ రిలీజ్ లివరును కూడా కొలవరు. మూస్తుంటే అరచేతిలో దాని గుర్తు పడాలి, అంతే. థ్రూ యాక్సిల్ (చక్రం మధ్య నుంచి దూరి మరతో బిగిసే ఇరుసు) ఉంటే మాత్రం దాని మీద 10 నుంచి 15 లాంటి అంకె రాసి ఉంటుంది, అది పాటించండి.

స్టెమ్ లేదా సీట్‌పోస్టు విప్పి పెట్టిన తర్వాత మొదటి పొడుగు సవారీ చేసి వచ్చాక, అదే అంకెకు మళ్లీ ఒకసారి రెంచ్ పెట్టి చూడండి. పేస్టు, పెయింటు సర్దుకుని ఒకటి రెండు బోల్టులు కొద్దిగా తిరుగుతాయి. ఆ రెండోసారి కూడా పదేపదే ఎక్కువ తిరుగుతుంటే టార్క్ పెంచకండి. విప్పి పగులు కోసం, సైజు తేడా కోసం, మరల కోసం చూడండి.